అప్పజెప్పినప్పుడు వచ్చింది, పరీక్షలో రాలేదు: తేడా ఎక్కడ కొడుతోంది?

బైపీసీ, నర్సింగ్, ఎంబీబీఎస్ మొదటి ఏడాది లాంటి, పేజీలకు పేజీలు బుర్రలో పెట్టుకోవాల్సిన చదువులవాళ్ళ కోసం ఇది. పాఠం అర్థమైంది, నోట్స్ ఉన్నాయి, రోజూ కూర్చుంటున్నారు అనుకునే రాస్తున్నాం. అర్థం కానిదాన్ని గుర్తుపెట్టుకునే కిటుకులు ఇక్కడ దొరకవు.

ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఎగ్గొట్టేదీ దాన్నే. నిన్న చదివిన టాపిక్ పేరు తెల్లకాగితం మీద రాసి, పుస్తకం తెరవకుండా, హెడ్డింగులు కూడా చూడకుండా, ఏడు నిమిషాలు వచ్చిందంతా రాయండి. నిన్నటిదే రాయాలి, ఇవాళ చదివింది పనికిరాదు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని కింద మీ సమస్య వెతుక్కోండి.

చూస్తే తెలిసినట్టే ఉంది, కాగితం మీద నాలుగు ముక్కలే

కారణం: చదివిందే చదవడం. మూడోసారికి ఏ పేజీలో ఏ మూల ఏముందో కంటికి అలవాటైపోతుంది, హైలైటర్ గీతలతో సహా. గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు. పెళ్ళిలో కనిపించిన మనిషిని ఇట్టే పోల్చుకుంటాం, పేరు మాత్రం నోటికి రాదు. పరిష్కారం: రెండోసారి చదవడానికి పెట్టుకున్న సమయాన్ని తెల్లకాగితానికి ఇచ్చేయండి.

పుస్తకం మూసే అప్పజెప్పుకున్నాను, గడగడా వచ్చింది. వారానికి ఏమీ లేదు

దొంగలా దాక్కునే కారణం ఇదే. పద్ధతి సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ అనుమానించరు, "నాకు జ్ఞాపకశక్తి తక్కువ" అనుకుని ఊరుకుంటారు. తప్పు అప్పజెప్పడంలో లేదు, అప్పజెప్పిన టైములో ఉంది. చదివిన ఐదు నిమిషాలకు చూసుకుంటే ఎవరికైనా వస్తుంది, మాట ఇంకా నాలుక మీదే ఉంటుంది కదా. పాలలో తోడేసిన వెంటనే మూత తీసి చూస్తే పెరుగు తోడుకుందో లేదో ఏం తెలుస్తుంది?

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో ఇది అంకెలతో సహా బయటపడింది. ఒక జట్టు పాఠాన్ని నాలుగు విడతలూ చదివింది. ఇంకో జట్టు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళకు 83 శాతం, రాసినవాళ్ళకు 71 శాతం గుర్తుంది. వారం తర్వాత లెక్క తిరగబడింది: చదివినవాళ్ళకు 40, రాసినవాళ్ళకు 61. అంటే ఐదు నిమిషాల పరీక్ష, ఏది పనిచేస్తోందన్న సంగతిని తలకిందులుగా చూపిస్తుంది.

పరిష్కారానికి రక్తం గడ్డకట్టే విధానాన్నే తీసుకోండి. 25 నిమిషాలు చదివి, అప్పజెప్పకుండా పుస్తకం మూసేయండి. ఒక గంట ఫిజిక్స్ లెక్కలో, ఇంగ్లీషో, సంబంధం లేని పని చేయండి. అప్పుడు కాగితం తీయండి. ముందు అస్థిపంజరం, అంటే ముఖ్యమైన మెట్లు మాత్రమే (ఫ్యాక్టర్లంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన, అంకెలతో పిలిచే పదార్థాలు): దెబ్బతిన్న కణజాలం వైపు నుంచి ఏడో ఫ్యాక్టర్‌తో ఒక దారి, రక్తం లోపలి నుంచే పన్నెండో ఫ్యాక్టర్‌తో ఇంకో దారి, రెండూ కలిసేది పదో ఫ్యాక్టర్ దగ్గర. అక్కడి నుంచి ప్రోథ్రాంబిన్ థ్రాంబిన్‌గా, ఆ థ్రాంబిన్ వల్ల ఫైబ్రినోజన్ ఫైబ్రిన్‌గా మారతాయి. మిగతా ఫ్యాక్టర్లు ఆ తర్వాత. ఏదైనా తట్టకపోతే వెంటనే పుస్తకం మీద పడకండి, ఒక నిమిషం పెనుగులాడండి. వదిలేసినవి చివర్లో ఎర్ర పెన్నుతో పూరించండి. మర్నాడు పొద్దున కొత్త కాగితం మీద మళ్ళీ. అప్పుడూ జారిపోయిన ఎర్ర ముక్కలకు మాత్రమే, ఒకవైపు ప్రశ్న, వెనకవైపు జవాబు ఉండేలా కార్డులు రాసి, 1, 3, 7, 15 రోజులకు తిరగేయండి. తప్పిన కార్డు మళ్ళీ ఒకటో రోజుకు వెళ్తుంది.

ఇక్కడ రెండుచోట్ల బోల్తాపడతారు. గంట తర్వాత సగమే వచ్చేసరికి బెంబేలెత్తి మళ్ళీ మొత్తం చదివేస్తారు. సగం రావడం మామూలే, ఎర్ర ముక్కలు చూసుకుని ఆపేయాలి. రెండోది, కార్డు తిప్పి జవాబు చూశాక "ఆఁ, ఇది తెలుసులే" అనడం. ముందు రాయాలి, తర్వాతే తిప్పాలి.

మొదటి ముక్క అందితే అంతా వస్తుంది, లేకపోతే శూన్యం

కారణం: గొలుసు బట్టీ. పదమూడో ఎక్కంలో ఏడోది అడిగితే మొదటి నుంచి ఎత్తుకుంటామే, అది. పరిష్కారం: మధ్యలోంచి మొదలుపెట్టండి. కపాల నాడులు, అంటే మెదడు నుంచి నేరుగా వచ్చే నరాలు, 12 జతలు కదా, అంకెలు చీటీల మీద రాసి కలిపి తీయండి. ఏడు వస్తే ఫేసియల్, పది వస్తే వేగస్. ఆ తర్వాత పేరు చూసి అంకె చెప్పండి. జటాపాఠంలో వేదపండితులు "ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు" వరసలో పదాలను ముందుకూ వెనక్కూ తిప్పుతారు. ఎటు నుంచి పట్టుకున్నా తెగని గొలుసు అది.

ఒకటి రాయబోతే ఇంకోటి వస్తోంది

ఆ కపాల నాడుల్లోనే తొమ్మిదోది గ్లాసోఫారింజియల్, పన్నెండోది హైపోగ్లాసల్. రెండింటికీ నాలుకతో పని, పేర్లూ దగ్గరవే. విడివిడిగా ఎన్నిసార్లు చదివినా కలిసిపోతాయి. ఒకే కార్డు మీద పక్కపక్కన పెట్టి తేడా మాత్రమే రాయండి: తొమ్మిదోది నాలుక వెనక మూడోవంతు రుచి, పన్నెండోది నాలుక కదలిక.

కార్డులు కొండలా పేరుకుపోయాయి

ఇది కూడికల తప్పు. రోజుకు 20 కొత్త కార్డులు వేస్తే, 1, 3, 7, 15 లెక్కన కొన్నాళ్ళకు రోజూ తిరగేయాల్సిన పాతవి 80. కార్డుకు 10 సెకన్లనుకున్నా పావుగంటలోపే. ఉత్సాహం కొద్దీ 100 వేస్తే పాతవే 400, గంటకు పైమాటే. 300 కార్డులకు రోజుకు 20 చొప్పున 15 రోజులు, చివరి కార్డుల పదిహేనో రోజు తిరగేత కోసం ఇంకో 15. కాబట్టి పరీక్షకు నెల ముందే మొదలవ్వాలి. మధ్యలో మూడు రోజులు తప్పితే కొత్తవి ఆపేసి, పాతవి ఖాళీ అయ్యాకే మళ్ళీ వేయండి.

మిగతావి అరుదు. మెమరీ పౌడర్లు, టానిక్కుల డబ్బుతో తెల్లకాగితాల కట్ట కొనుక్కోండి. రాత్రంతా మేలుకుని చదివితే ముందు నిద్ర సరిచేసుకోండి. పాఠాలే కాక, నిన్న ఇంట్లో మాట్లాడిన మాటలూ, పెట్టిన వస్తువులూ తరచూ మర్చిపోతుంటే మాత్రం ఈ చిట్కాలు పక్కనపెట్టి డాక్టరుకు చూపించుకోండి.