కేటలాగులో ఒంగోలు కనిపిస్తుంది, వెతికితే దొరకదు: సమస్య - పరిష్కారం

పుస్తకం రికార్డు తెరపైనే ఉంటుంది. ప్రచురణ స్థలం గడిలో ‘ఒంగోలు’ అని స్పష్టంగా కనిపిస్తుంది. అయినా శోధన పెట్టెలో ఒంగోలు అని కొడితే ఆ పుస్తకం రాదు. కొన్ని ఒంగోలు పుస్తకాలు వచ్చి మరికొన్ని రాకపోవడం వల్ల చాలామంది సాఫ్ట్‌వేరునే అనుమానించి, దానిని తీసేసి మళ్లీ ఎక్కించి, ఒక రోజంతా పోగొట్టుకుంటారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల గ్రంథాలయాల కేటలాగులలో ఈ ఫిర్యాదును నేను ఎన్నోసార్లు సరిచేశాను, దాదాపు ప్రతిసారీ మొదటి తనిఖీ అప్పటికి ఎవరూ చేసి ఉండలేదు.

ఆ తనిఖీ ఇది: రికార్డులో ఉన్న పదాన్ని అక్కడి నుంచే కాపీ చేసి శోధన పెట్టెలో అతికించండి. అతికించినా దొరకకపోతే లోపం ఇండెక్సులో, అంటే శోధన కోసం సాఫ్ట్‌వేరు కట్టుకునే పదాల పట్టికలో ఉంది కనుక గ్రంథాలయ సాఫ్ట్‌వేరు కోహాలో అయితే జీబ్రా ఇండెక్సును, డిజిటల్ భాండాగార సాఫ్ట్‌వేరు డీస్పేస్‌లో అయితే సోలర్ ఇండెక్సును మళ్లీ కట్టించాలి. అతికించిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి వస్తే ఆ సమాచారం పాత డీటీపీ రోజుల ‘అను’ అనే పేరున్న ఫాంట్లలో ఉన్నట్టు, దానిని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉండే యూనికోడ్‌లోకి మార్చాలి. అతికిస్తే దొరికి, చేత్తో కొడితే దొరకకపోతే మాత్రం రికార్డులోని అక్షరాలూ మీరు కొట్టిన అక్షరాలూ వేరువేరు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మన భాషలో ‘సున్న’ అనే ఒక్క మాట రెండు గుర్తులకు చెల్లుతుంది. ఒకటి అక్షరం పక్కన వచ్చే నిండుసున్న, మరొకటి తెలుగు అంకెలలోని సున్న. చాలా ఫాంట్లలో రెండూ ఒకే గుండ్రంగా ఉంటాయి, కాని యూనికోడ్‌లో నిండుసున్న సంఖ్య 3074, అంకె సున్న సంఖ్య 3174. అచ్చు పేజీ బొమ్మ నుంచి అక్షరాలను గుర్తించే ఓసీఆర్ ఒకదానిని మరొకటిగా చదువుతుంది, డేటా ఎంట్రీ చేసేవారు కీబోర్డులో ముందు కనిపించిన గుండ్రాన్ని నొక్కుతారు. అప్పుడు ‘ఒ౦గోలు’ తయారవుతుంది, ఎంత మంచి ప్రూఫ్ రీడరు కంటికైనా అది ఆనదు. కంభం, కందుకూరు, టంగుటూరు, సింగరాయకొండ, ఆఖరికి ప్రకాశం కూడా సున్న ఉన్న పేర్లే కావడం వల్ల ఈ ప్రాంతపు కేటలాగులకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది.

అనుమానం ఉన్న పదంలో కర్సరును బాణం మీటతో ఒక్కొక్క అడుగు జరపండి. అసలైన నిండుసున్న ముందున్న అక్షరంతో కలిసి ఒకే అడుగులో దాటిపోతుంది, అంకె సున్న అయితే దాని ముందు కర్సరు విడిగా ఆగుతుంది. ఇంకా నమ్మకం కావాలంటే లిబ్రాఫీస్ కాల్క్‌లో యూనికోడ్ అనే ఫంక్షనుకు ఆ గుర్తును ఒక్కదానినే ఇవ్వండి, పైన చెప్పిన రెండు సంఖ్యలలో ఏదో ఒకటి వస్తుంది.

దిద్దుబాటులో తొందర వద్దు. నేను మొదటిసారి ఈ సంగతి కనిపెట్టినప్పుడు ఫైలు మొత్తంలో అంకె సున్నలన్నిటినీ ఒక్క ఆజ్ఞతో నిండుసున్నలుగా మార్చాను. ఊళ్ల పేర్లన్నీ బాగుపడ్డాయి కాని, ముఖపత్రం మీద ఉన్నట్టే తెలుగు అంకెలలో ఎక్కించిన ప్రచురణ సంవత్సరాలు చెడిపోయాయి. ౧౯౩౦ అనే సంవత్సరం చివరి సున్న నిండుసున్నగా మారిపోయింది, చూడటానికి ఏ తేడా లేకపోవడంతో నాకు చాలా రోజుల వరకు తెలియలేదు. ముందుగా ఫైలుకు నకలు తీసి పెట్టుకోండి. తరువాత నమూనాను బట్టి వెతికి మార్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, ముందు తెలుగు అక్షరం గాని గుణింతపు గుర్తు గాని ఉన్న అంకె సున్నను మాత్రమే నిండుసున్నగా మార్చండి. ముందు తెలుగు అంకె ఉంటే దానిని ముట్టుకోవద్దు. అంకె తరువాత నిండుసున్న ఉంటే అది తిరగబడిన తప్పు, దానిని అంకె సున్నగా మార్చాలి. మారిన పంక్తులను పాత నకలుతో పోల్చి చూసి, ఆ తరువాతే ఇండెక్సు కట్టించండి. పరీక్షకు ‘కంభం’ మంచి పదం, అందులో నడుమ ఒకటి, చివర ఒకటి రెండు సున్నలు ఉన్నాయి. పాఠకులు కూడా తప్పు సున్న కొట్టే అవకాశం ఉంది కనుక ఇదే నియమాన్ని ఇండెక్సు కట్టేటప్పుడూ, శోధన పదం అందుకునేటప్పుడూ అమలయ్యేలా అమర్చుకోవాలి.

విసర్గ స్థానంలో కోలన్ కొట్టడం దీనికి తమ్ముడు వంటిది. ‘దు:ఖం’ అని ఎక్కిస్తే చాలా ఇండెక్సులు దానిని రెండు ముక్కలుగా చూస్తాయి. తెలుగు అక్షరాల నడుమ ఉన్న కోలన్లను వెతికి, చూసి మార్చండి. పాత పుస్తకాల పేర్లలోని అరసున్నను రికార్డులో ఉంచి, ఇండెక్సులో వదిలేయాలి, లేకపోతే ‘వాఁడు’ అన్న పేరు ‘వాడు’ అని వెతికినవారికి అందదు. పొల్లు తరువాత వచ్చే కంటికి కనిపించని విడదీత గుర్తునూ ఇండెక్సులో అలాగే వదిలేయాలి. ఐత్వం రెండు ముక్కలుగా నిల్వ కావడం అరుదు, విడి ముక్కలను ఒకే గుర్తుగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ నడిపితే అది పోతుంది.

ఇవన్నీ సరిగా ఉండి కూడా జిల్లా పేరుతో పుస్తకాలు రాకపోతే అది అక్షరాల తప్పు కాదు. ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి 1972లో ఇప్పటి పేరు పొందింది. అంతకుముందు అచ్చయిన చాలా పుస్తకాల మీద ఒంగోలు గుంటూరు జిల్లాలోనూ, కందుకూరు నెల్లూరు జిల్లాలోనూ ఉంటాయి. 2022 పునర్విభజనతో కందుకూరు మళ్లీ నెల్లూరులో చేరింది, 1918 నాటి సారస్వత నికేతనం ఉన్న వేటపాలెం బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. ముఖపత్రం మీది జిల్లాను ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, నేటి జిల్లాను వేరొక గడిలో ఎక్కించి, రెండిటినీ ఇండెక్సులో చేర్చండి.