ఆఫ్రికా దేశంలో ఎన్నిక వివాదమైతే ఆ వార్తను ఎలా చదవాలి?

అధ్యక్షుడికి 90 శాతానికి పైగా ఓట్లు, ఫలితాన్ని ఒప్పుకోని ప్రతిపక్షం, రాజధానిలో కాల్పులు. ఇలాంటి వార్త మన పేపర్లలో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చి పోతుంది. నైరోబీలోనో, దారెస్సలామ్‌లోనో మనవాళ్లు ఉంటే తప్ప ఎవరూ ఆగి చూడరు. చూసినవాళ్లు కూడా "అక్కడ మామూలేలే" అని పేజీ తిప్పేస్తారు. నిజానికి కొన్ని దేశాల్లో ఓడిన పాలక పక్షం మర్యాదగా దిగిపోయింది, కొన్నిచోట్ల కోర్టులు ఎన్నికనే కొట్టేశాయి. ఏ దేశంలో ఏం జరిగిందో తేల్చుకోవడానికి ఈ వరుసలో చూసుకుంటూ వెళ్లండి.

1. పోలింగ్ తేదీ కంటే ముందు రాజ్యాంగం చూడండి

ఈ నాయకుడు ఎప్పుడు వచ్చాడు? రెండు టర్మ్‌ల నిబంధన ఉండేదా? ఉంటే ఏమైంది? ఉగాండాలో అధ్యక్షుడు ముసెవెని 1986 జనవరి నుంచి పదవిలో ఉన్నారు. 2005లో టర్మ్‌ల పరిమితి ఎత్తేశారు. అధ్యక్ష అభ్యర్థికి 75 ఏళ్లు దాటకూడదన్న నిబంధన ఆయనకు అడ్డొచ్చే సమయానికి, 2017 డిసెంబరులో పార్లమెంటు దాన్నీ తీసేసింది. కామెరూన్‌లో పాల్ బియా 1982లో వచ్చారు. అక్కడ 2008లో పరిమితి పోయింది. 2025 అక్టోబరు ఎన్నికలో, 92 ఏళ్ల వయసులో, ఆయనే మళ్లీ గెలిచారని ప్రకటించారు. ఐవరీ కోస్ట్‌లో ఇంకో దారి: 2016లో కొత్త రాజ్యాంగం వచ్చింది కాబట్టి పాత టర్మ్‌లు లెక్కలోకి రావంటూ అధ్యక్షుడు వతారా 2020లో మూడోసారి నిలబడ్డారు. ఇవన్నీ చట్టప్రకారమే జరిగినవి. అందుకే పోలింగ్ రోజు రిగ్గింగ్ ఒక్కటే వెతికితే అసలు సంగతి కనిపించదు.

2. బ్యాలట్ మీద ఎవరి పేరు లేదో చూడండి

2025 అక్టోబరులో టాంజానియాలో అధ్యక్షురాలు సమియా సులుహుకు దాదాపు 98 శాతం వచ్చాయన్నారు. ప్రధాన ప్రతిపక్ష నేత టుండు లిస్సు అప్పటికి దేశద్రోహం కేసులో జైల్లో ఉన్నారు. పోటీయే లేనప్పుడు ఓట్ల లెక్క సరిగ్గా ఉందా లేదా అనేది చాలా చిన్న ప్రశ్న.

3. ఓట్లు లెక్కపెట్టిన కాగితం ఎక్కడుందో అడగండి

మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. మన దగ్గర ఈవీఎంలకు సీలు వేసి స్ట్రాంగ్‌రూమ్‌కు తీసుకెళ్తారు, లెక్కింపు తర్వాతెప్పుడో వేరేచోట జరుగుతుంది. ఆఫ్రికాలో చాలా దేశాల్లో పోలింగ్ ముగియగానే అదే కేంద్రంలో, పార్టీల ఏజెంట్ల ఎదుటే బ్యాలట్లు లెక్కపెట్టి ఒక ఫారం నింపుతారు. ఏజెంట్లు సంతకాలు చేస్తారు. ఆ లెక్క అక్కడ నలుగురికీ తెలిసిపోతుంది. కాబట్టి గొడవ ఎక్కువగా ఆ ఫారానికీ రాజధానిలో చదివే మొత్తానికీ మధ్యనే పుడుతుంది.

కెన్యాలో ఆ కాగితాన్ని ఫారం 34ఎ అంటారు. 2017 ఆగస్టులో అధ్యక్షుడు ఉహురు కెన్యట్టా దాదాపు 14 లక్షల ఓట్ల తేడాతో గెలిచారని ప్రకటించారు. అంత తేడా ఉన్నా సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు నలుగురు–ఇద్దరి మెజారిటీతో ఎన్నికను రద్దు చేసింది. ఫలితాలను పంపిన తీరు చట్టప్రకారం లేదని, సర్వర్లు చూపించమంటే ఎన్నికల సంఘం సరిగ్గా చూపించలేదని కోర్టు అభ్యంతరం. 2022లో అదే సంఘం దేశంలోని పోలింగ్ కేంద్రాల ఫారాలను, మొత్తం 46 వేలకు పైగా, వెబ్‌సైట్‌లో పెట్టింది. ఓపిక ఉన్నవాళ్లెవరైనా డౌన్‌లోడ్ చేసుకుని కూడుకోవచ్చు. ఏడుగురు కమిషనర్లలో నలుగురు ఫలితం తమకు సమ్మతం కాదన్నా, అధ్యక్షుడిగా విలియం రూటో గెలుపును సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా నిలబెట్టింది.

మలావిలో సంగతి ఇంకా సూటిగా బయటపడింది. 2019 ఎన్నిక ఫారాల్లో అంకెల మీద వైట్‌నర్ పూసి దిద్దారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 3న, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు వేసుకుని వచ్చిన న్యాయమూర్తులు ఆ ఎన్నికను కొట్టేశారు. జూన్‌లో మళ్లీ ఓటేస్తే పదవిలో ఉన్న ముతారికా ఓడిపోయి చక్వేరా గెలిచారు. 2025లో అదే ముతారికా ఓట్లతోనే తిరిగొచ్చారు, అది వేరే కథ.

ప్రతిపక్షం "మోసం" అంటే కూడా ఇదే ప్రశ్న వేయండి: మీ ఏజెంట్ల ఫారాలేవి? అవి చూపించలేని పార్టీ మాట అక్కడికక్కడే బలహీనపడుతుంది.

4. ఒక్కో జిల్లాలో ఎంతమంది ఓటేశారో విడిగా చూడండి

2016లో గాబన్‌లో అధ్యక్షుడు అలీ బొంగో ఆరు వేల కంటే తక్కువ ఓట్లతో బయటపడ్డారు. దేశం మొత్తం మీద పోలింగ్ 60 శాతం లోపే. బొంగో కుటుంబానికి పట్టున్న ఓత్-ఒగూవే ప్రాంతంలో మాత్రం 99.93 శాతం పోలింగ్, అందులో 95 శాతం ఆయనకే! సొంత ఊరివాళ్లు ఒకడికే గుద్దేయడం ఎక్కడైనా ఉండేదే. కానీ జ్వరమొచ్చినవాళ్లు, ఊళ్లో లేనివాళ్లు, జాబితాలో పేరున్న చనిపోయినవాళ్లు ఎక్కడైనా ఉంటారు కాబట్టి అంత పోలింగ్ అసాధ్యం. 2023 ఆగస్టులో మళ్లీ ఆయనే గెలిచారని ప్రకటించిన నిమిషాల్లోనే సైన్యం ఆయన్ని దింపేసింది.

శాతం ఒక్కటే పట్టుకుంటే మాత్రం బోల్తా పడతారు. కెన్యా 2017 అక్టోబరు రీపోలింగ్‌లో కెన్యట్టాకు 98 శాతం వచ్చింది, ఎందుకంటే ప్రతిపక్ష నేత రైలా ఒడింగా బహిష్కరించారు.

5. పరిశీలకుల మొదటి ప్రెస్‌మీట్‌కు అంత విలువ ఇవ్వకండి

కోర్టు రద్దు చేసిన ఆ కెన్యా ఎన్నికను అంతకుముందు విదేశీ పరిశీలకులు మెచ్చుకున్నారు. వాళ్లు చూసేది ఎక్కువగా క్యూలను, పెట్టెలను. తుది నివేదిక వచ్చేదాకా ఆగండి.

6. తీర్పు చెప్పేది ఎవరో కనుక్కోండి

2010లో ఐవరీ కోస్ట్ ఎన్నికల సంఘం ప్రతిపక్ష అభ్యర్థి వతారా గెలిచారంది. అప్పటి అధ్యక్షుడు గ్బాగ్బో సన్నిహితుడు నడిపే రాజ్యాంగ మండలి (తుది ఫలితం ఖరారు చేసే సంస్థ) ఉత్తరాది ఓట్లు కొట్టేసి గ్బాగ్బోనే గెలిచారంది. ఇద్దరూ ప్రమాణం చేశారు. దాదాపు మూడు వేల మంది చనిపోయారు. సెనెగల్‌లో 2024లో దీనికి పూర్తిగా భిన్నం: అధ్యక్షుడు మాకీ సాల్ ఎన్నిక వాయిదా వేయబోతే రాజ్యాంగ మండలే కుదరదంది. మార్చిలో ఓటింగ్‌కు పది రోజుల ముందు జైలు నుంచి వచ్చిన ప్రతిపక్ష అభ్యర్థి ఫాయే గెలిచారు.

7. మీవాళ్లు అక్కడుంటే

ఇంటర్నెట్ ముందే పోతుందనుకోండి. ఉగాండాలో 2021లో పోలింగ్ ముందురోజు రాత్రే ఆపేశారు, టాంజానియాలో 2025లో పోలింగ్ రోజున. వాట్సాప్ కాల్ కలవనంత మాత్రాన టెన్షన్ పడకుండా మామూలు ఫోన్ నంబరు, పక్కింటివాళ్ల నంబరు, భారత హైకమిషన్ లేదా ఎంబసీ నంబరు ముందే రాసిపెట్టుకోండి. ఇంట్లో వారానికి సరిపడా సరుకులు, కొంత నగదు ఉంచుకోమనండి. ఫలితం ప్రకటించే రోజు బయటికి వెళ్లొద్దని చెప్పండి. పోలింగ్ రోజు కంటే ఎక్కువసార్లు గొడవలు మొదలయ్యేది ఆ రోజే.