కొలత పాఠాలు – 3: రెండు గీతల మధ్య అంకె

పోయిన పాఠంలో కంటిని గీతకు సరిగ్గా ఎదురుగా పెట్టి చూడడం అలవాటు చేసుకున్నాం. ఇప్పుడు అసలు పని మొదలు. మిల్లీమీటరు గీతలున్న స్కేలు పక్కన పెన్సిలు ముక్క పెట్టారు. ఎడమ కొన సున్నా మీద ఉంది. కుడి కొన 4.3 సెంటీమీటర్ల గీత దాటింది, 4.4 ఇంకా అందలేదు. ఎంత రాస్తారు?

చాలామంది 4.3 అని రాసేసి ఊరుకుంటారు. కొన గీత దాటిందని కనిపిస్తూనే ఉంది కదా, ఆ కాస్తా ఎందుకు వదిలేయాలి? ఆ సందును మనసులోనే పది భాగాలు చేయండి. ఒకేసారి పది అంటే కష్టం. ముందు సగం ఎక్కడో చూడండి. కొన సగం దాటిందా? దాటింది. సగానికి దగ్గరా, 4.4 గీతకు దగ్గరా? సగానికే. అయితే ఆరు వేసుకోండి. కొలత 4.36 సెం.మీ.

ఇందులో 4, 3 స్కేలు చెప్పినవి, 6 మీరు చెప్పింది. పక్కవాళ్లు 4.35 అన్నా, 4.37 అన్నా తగాదా అక్కర్లేదు. 4.31 అంటే మాత్రం మళ్లీ చూడమనండి. అంచనాదే అయినా ఆ 6 సార్థక అంకే, అంటే కొలతలో అర్థమున్న అంకే. 4.365 అని రాయకండి. ఆరే అంచనా అయినప్పుడు దాని వెనక ఐదు ఎక్కణ్ణుంచి వచ్చింది?

కొన సరిగ్గా గీత మీదే ఆగితే 4.30 అని రాయాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. 4.3 అని రాస్తే, మీ స్కేలుకు సెంటీమీటరు గీతలే ఉన్నాయనీ, 3 మీ అంచనా అనీ చదివేవాళ్లు అనుకుంటారు. క్యాలిక్యులేటర్ ఈ సున్నాను మింగేస్తుంది, మీరే తిరిగి పెట్టాలి. అంకెలు తెరమీద చూపించే డిజిటల్ పరికరాలతో ఈ గొడవ లేదు, చూపించింది చూపించినట్టు రాసుకోవడమే.

ఇంకొకటి, కంటికి బద్ధకం ఎక్కువ. మీ నోటుబుక్కులో చివరి అంకెలన్నీ 0, 5 లే అయితే మీరు అంచనా వేయడం లేదు, సగమో గీతో అని సరిపెట్టుకుంటున్నారన్నమాట.

అభ్యాసం: అదే పెన్సిలు ముక్కను సున్నా దగ్గర కాకుండా స్కేలు మధ్యలో ఎక్కడైనా పెట్టండి. రెండు కొనలనూ చివరి అంకె దాకా చదివి, తీసివేయండి. జరిపి మళ్లీ చేయండి, ఇలా ఐదుసార్లు. ముందు వచ్చిన జవాబు చూడకూడదు! ఇప్పుడు అంచనాలు రెండు కాబట్టి చివరి అంకె ఇంకాస్త ఊగుతుంది. ఎంత ఊగిందో రాసి ఉంచండి, వెర్నియర్ స్కేలు (గీతల మధ్య భాగాన్ని చదవడానికి పక్కన జరిగే చిన్న స్కేలు) పాఠంలో దానితో పనుంది.