ధమనుల్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉందేమో ఎలా చూసుకోవాలి, ఏం చేయాలి

కొలెస్ట్రాల్ నంబర్ ఒక్కటే చూసుకుని ఊరుకోకండి ప్లీజ్. ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) ధమని గోడలోకి దూరి పాడైతే, దాన్ని క్లీన్ చేద్దామని మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు వచ్చి మింగుతూనే ఉంటాయి, మింగీ మింగీ కొవ్వుతో ఉబ్బిపోయి ఫోమ్ సెల్స్ అయ్యి చాలావరకు అక్కడే చచ్చిపోతాయి, ప్లాక్ (గోడలో పేరుకునే కొవ్వు గడ్డ) అలా పెరుగుతుంది, ఈ గొడవనే వాపు అంటున్నా. పైనున్న పొరని కూడా ఈ కణాలు వదిలే ఎంజైములే పల్చన చేస్తాయి, అది చిరిగిందంటే రక్తం గడ్డకట్టి హార్ట్ ఎటాకే.

అందుకే డాక్టర్‌ని ఒంట్లో వాపుని చూపించే హెచ్‌ఎస్ సీఆర్‌పీ అనే రక్త టెస్ట్ గురించి అడగండి. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపుంటే రిస్క్ తక్కువ, 3 దాటితే ఎక్కువ. జ్వరం, జలుబు ఉన్నప్పుడు మాత్రం చేయించుకోవద్దు, రిజల్ట్ తప్పుదారి పట్టిస్తుంది.

స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) రాస్తే సొంతంగా ఆపేయకండి, అది వాపుని కూడా తగ్గిస్తుంది. సిగరెట్ మానాల్సిందే. 2017లో కాంటోస్ ట్రయల్‌లో కొలెస్ట్రాల్ జోలికి పోకుండా వాపుని పెంచే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రోటీన్‌ని మందుతో అడ్డుకుంటేనే ఎటాక్‌లు తగ్గాయి, నా దృష్టిలో ఇది చాలా పెద్ద విషయం, కాకపోతే ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు కొంచెం పెరిగాయి. గౌట్ అనే కీళ్ల జబ్బుకి వాడే కొల్చిసిన్‌ని 0.5 మిల్లీగ్రాముల డోసులో గుండెజబ్బుకి 2023లో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చేసింది, కిడ్నీ, లివర్ సమస్యలున్నా, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నా డాక్టర్‌కి ముందే చెప్పండి.