రంపపు ఈగలు, పరాన్నజీవి కందిరీగల సర్వే ఎలా చేయాలి?

రంపపు ఈగ పేరుకే ఈగ, నిజానికి కందిరీగలకు దగ్గరి చుట్టం. దీనికి సన్నని నడుము ఉండదు. ఆడది రంపంలాంటి అవయవంతో ఆకును కోసి అందులో గుడ్లు పెడుతుంది. వీటి పిల్లపురుగుల్లోనే గుడ్లు పెట్టి బతికే పరాన్నజీవి కందిరీగలూ ఉన్నాయి. అందుకే రెండింటినీ కలిపి వెతకడమే మేలు.

ముందు ప్రాంతం హద్దులు గీసుకుని, అడవి అంచు, గడ్డినేల, వాగు ఒడ్డు ఇలా చోట్లు ఎంచుకోండి. అవసరమైన అనుమతులు తెచ్చుకోండి. చాలా రంపపు ఈగలు ఏడాదిలో కొద్ది వారాలే ఎగురుతాయి కాబట్టి, చిగుళ్ళు వేసే రోజుల నుంచే మొదలుపెట్టి సీజనంతా తిరగాలి.

పట్టడానికి మూడు పద్ధతులూ కావాలి. డేరాలాంటి మాలైజ్ ట్రాప్‌ను పురుగులు ఎగిరే దారికి అడ్డంగా కట్టి, సీసా ఉన్న ఎత్తు మూలను వెలుగు వైపు తిప్పండి. తెరకు తగిలిన పురుగు వెలుగును చూసి పైకే పాకుతుంది. చిన్న కందిరీగల కోసం పసుపు పళ్ళేల్లో నీళ్ళు, ఒక చుక్క సబ్బు ద్రవం వేసి నేలమీద పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో వడకట్టకపోతే పురుగులు కుళ్ళిపోతాయి. పొదలమీద వలతో ఊడ్చినట్టు కొడితే ఏ మొక్క మీద ఏముందో కూడా తెలుస్తుంది.

నా దృష్టిలో అసలు సమాచారం దొరికేది పిల్లపురుగులను పెంచితేనే. చూడటానికి గొంగళిపురుగులా ఉన్నా పొట్టకాళ్ళు (పొట్ట కింద ఉండే మెత్తని కాళ్ళు) ఎన్ని జతలో లెక్కపెట్టండి: గొంగళిపురుగుకు దాదాపు ఎప్పుడూ ఐదు జతలు మించవు, ఆకులు తినే రంపపు ఈగ పిల్లకు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది ఉంటాయి. ఒక్కో మొక్క నుంచి తెచ్చినవి ఒక్కో డబ్బాలో వేసి, అదే మొక్క ఆకులు రోజూ మార్చండి. చాలావాటికి గూడు కట్టుకోవడానికి మట్టి కావాలి, అడుగున కాస్త తేమగా ఉంచండి. నీళ్ళు ఎక్కువైతే బూజు పడుతుంది. కొన్ని మరుసటి ఏడాదికి గానీ బయటకు రావు, పారేయకండి. రంపపు ఈగకు బదులు కందిరీగ వచ్చిందంటే ఎవరి మీద ఎవరు బతుకుతున్నారో తేలినట్టే. ఖాళీ గూడును ఆ కందిరీగతోనే దాచండి.

నమూనాలను ఆల్కహాల్‌లో వేయండి. డీఎన్ఏ పరీక్ష ఆలోచన ఉంటే 95 శాతం ఆల్కహాల్, ఫ్రీజర్ మంచివి. చోటు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, పద్ధతి, మొక్క పేరు, పట్టినవారి పేరు పెన్సిల్‌తో రాసి ఆ చీటీని సీసాలోపలే వేయండి. చీటీ లేని నమూనా సర్వేకు పనికిరాదు.

గుర్తింపులో తొందర వద్దు. ముందు కుటుంబాల వారీగా విడదీయండి. పెద్ద పరాన్నజీవి కందిరీగల్లో ముందు రెక్క చివరి వైపు రెండో అడ్డ ఈనె ఉంటే అది ఎక్కువగా ఇక్న్యూమోనిడే కుటుంబానిది, లేకపోతే బ్రాకోనిడే కుటుంబానిది. జాతి (స్పీసీస్) పేరు తేలనివాటికి దాని పై మెట్టయిన ప్రజాతి (జీనస్) దగ్గరే ఆగి, నమూనాలను మ్యూజియంకు ఇవ్వండి. తర్వాత వచ్చే నిపుణులు మళ్ళీ తెరిచి చూసుకుంటారు.