వేసవిలో గ్యాస్ బ్లోబ్యాక్ రైఫిల్: హాప్-అప్ తిప్పే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

సంక్రాంతి రోజుల్లో తిన్నగా వెళ్లిన బీబీ (ఎయిర్‌సాఫ్ట్ ఆట తుపాకీ పేల్చే చిన్న ప్లాస్టిక్ గుండు), రోహిణి కార్తె దగ్గరపడేసరికి విజయవాడ ఎండలో సగం దూరం పోకముందే పైకి లేచిపోతుంది. గ్యాస్ బ్లోబ్యాక్ రైఫిల్, అంటే గ్యాస్ ఒత్తిడితో గుండును పేల్చి బోల్ట్‌నూ వెనక్కి నెట్టే ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ, ఉన్నవారి చేయి వెంటనే హాప్-అప్ (గుండుకు వెనక్కి తిరిగే సుడినిచ్చి దూరం పోనిచ్చే అమరిక) చక్రం మీదికి పోతుంది గానీ, చాలాసార్లు తేడా హాప్‌లో ఉండదు, గ్యాస్ ఒత్తిడిలో ఉంటుంది.

గ్రీన్ గ్యాస్ అంటే ప్రధానంగా ప్రొపేన్, దానిలో కొద్దిపాటి సిలికాన్ నూనె. 20 డిగ్రీల వద్ద 7 బార్లకు (బార్ ఒత్తిడి కొలమానం) కాస్త పైన ఉండే దాని ఒత్తిడి 40 డిగ్రీలకు 12 బార్లు దాటుతుంది. తక్కువ ఒత్తిడిదని పేరున్న 134ఏ గ్యాస్ సైతం 40 డిగ్రీల వద్ద, 20 డిగ్రీల ప్రొపేన్‌ను మించిపోతుంది. అందువల్ల 134ఏ కోసం తయారైన రైఫిల్‌లో నడివేసవిలో గ్రీన్ గ్యాస్ నింపడమంటే, గుండును బ్యారెల్‌లోకి నెట్టే నాజిల్‌ను చేజేతులా విరగ్గొట్టుకోవడమే. ప్రొపేన్ వంటగ్యాస్ జాతిదే కనుక నింపేచోట నిప్పు ఉండకూడదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఎండలో నిలిపిన కారులో గ్యాస్ డబ్బాను వదిలి వెళ్లకూడదు. దానికి 50 డిగ్రీలే హద్దు.

హాప్ సవరణకు ఉదయం చల్లని వేళను ఎంచుకోండి. కంటికి రక్షణనిచ్చే కళ్లద్దాలు పెట్టుకుని, గుండ్లు, గ్యాస్ నింపే మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, తుపాకీలో గుండు కూర్చునే గదిలో (ఛాంబర్) బీబీ మిగిలిందేమో చూడండి. హాప్‌ను సున్నాకు తిప్పిన తరువాతే బ్యారెల్‌లోకి శుభ్రపరిచే కడ్డీని పంపాలి. లేకుంటే బకింగ్ రబ్బరు (గుండుకు సుడినిచ్చే రబ్బరు తొడుగు) లోపలి బొడిపె చిరుగుతుంది. గుడ్డ మీద తడి మెరుపు కనిపిస్తే, గ్యాస్‌తో వచ్చిన నూనె రబ్బరును జారుడుగా చేసిందని అర్థం. గుడ్డ పొడిగా వచ్చేవరకు తుడవాలి. పెట్రోలియం నూనెలు రబ్బరును ఉబ్బిస్తాయి కాబట్టి వాటిని దగ్గరికి రానీయకండి.

మేడ మీద పరీక్షించే అలవాటును నేను సమర్థించను. పక్కింటివారికి అది ఆటవస్తువుగా కనబడదు. పైగా 2016 ఆయుధ నియమావళి లైసెన్సు అక్కర్లేని ఎయిర్‌గన్‌లకు 4.5 మిల్లీమీటర్ల బోరును (గొట్టం లోపలి వ్యాసం), 20 జౌళ్ల శక్తిని హద్దులుగా పెట్టింది, మన బీబీ చూస్తే 6 మిల్లీమీటర్లది. లైసెన్సు విషయం పోలీసు కార్యాలయంలో ముందే తేల్చుకోవాలి.

అనుమతి ఉన్న మూసిన స్థలంలో, ఆటలో ఏ బరువు బీబీలు వాడతారో వాటితోనే, సున్నా నుంచి కొద్దికొద్దిగా హాప్ పెంచండి. గుండు చాలాదూరం సమంగా పోయి, చివర లేశమంత లేచి దిగితే అక్కడ ఆపాలి. కాల్పుకు, కాల్పుకు మధ్య కొన్ని క్షణాలు ఆగాలి. వరుసగా కాలిస్తే మ్యాగజైన్ చల్లబడి వేగం తగ్గుతుంది, అప్పుడు కుదిర్చిన హాప్ మళ్లీ వేడెక్కాక ఎక్కువవుతుంది. గుండు పక్కకు వంగుతుంటే చక్రం ఎంత తిప్పినా లాభం లేదు, రబ్బరు వంకరగా కూర్చుందేమో విప్పి చూడాల్సిందే. బోల్ట్ అదురుకు చక్రం తనంతట తానే తిరుగుతుంటే, దాని కింద పలుచని ఓ-రింగ్ (గుండ్రని రబ్బరు వలయం) పెడితే బిగువు వస్తుంది. కుదిరిన స్థానం దగ్గర రంగుతో చిన్న చుక్క పెట్టుకోండి. ఆట ముగిశాక, రబ్బరు నొక్కుకుపోకుండా హాప్‌ను సున్నాకు తిప్పి, రైఫిల్‌ను ఎండ తగలని గదిలో ఉంచండి.