పక్కింటి కుక్క కోళ్ల మీద పడుతుంటే ఏం చేయాలి? సమస్య - పరిష్కారం

పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుకునే ఇంటికి గద్ద కన్నా, ముంగిస కన్నా పక్కింటి కుక్కతోనే టెన్షన్ ఎక్కువ. గద్దని అరిచి తోలేయొచ్చు. కుక్క వెనక మాత్రం ఒక మనిషి ఉంటాడు, రేపు పొద్దున మళ్లీ ఆయన మొహం చూడాలి. అందుకని కోపంతో గోడ దగ్గరికి వెళ్లే ముందు ఏం జరిగిందో సరిగ్గా తేల్చుకోండి.

కోళ్లు చచ్చి పడున్నాయి, ఏది చంపిందో తెలియదు

ఊడ్చెయ్యకముందే ఫోన్‌తో ఫొటోలు తీయండి. కుక్క పనైతే ఒక్క కోడితో ఆగదు. రెండు మూడు కోళ్లు వేర్వేరు చోట్ల పడుంటాయి, ఈకలు దొడ్డంతా చెదిరి ఉంటాయి, వీపు మీదా తొడల మీదా పళ్ల గాట్లుంటాయి. చాలాసార్లు మాంసం ముట్టుకోదు కూడా. మెత్తటి నేలలో అడుగుల ముందు గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లి నడిస్తే గోళ్లు కనబడవు.

ముంగిస చిన్న సందులోంచి దూరి మెడ, తల పట్టుకుంటుంది, గుడ్లు పగలగొడుతుంది. ఒక్క ఈకా రాలకుండా గుడ్లో పిల్లలో మాయమైతే పామేమో చూడండి. పట్టపగలు ఆరుబయట పిల్లలు తగ్గిపోతుంటే గద్దో కాకో అయ్యుంటుంది.

చచ్చిన కోడి దగ్గర కుక్క కనబడినంత మాత్రాన చంపింది అదే అనలేం. ఇంకోటి చంపి వదిలేసినదాన్ని కూడా అది నోట కరుచుకుంటుంది. తరుముతుండగా ఎవరైనా చూశారా అని అడగండి.

కోడి కుక్క నోట్లోంచి బతికి బయటపడింది

దాన్ని వెంటనే మిగతా కోళ్ల నుంచి వేరు చేయండి. నెత్తురు కనబడితే తోటి కోళ్లే పొడిచి చంపుతాయి. గాలి ఆడే అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి, చీకటిగా, సద్దు లేని చోట ఉంచండి. షాక్‌తో పోయే కోళ్లు తక్కువేం కాదు. కాస్త తేరుకున్నాక ఈకలు పైకెత్తి వీపు, రెక్కల కింద, తోక మొదలు చూడండి. పంటి గాటు పైకి సూది మొనంతే ఉన్నా లోపల లోతుగా దిగి చీము పడుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడగాలి. లేదంటే గాయాలు శుభ్రం చేసే పోవిడోన్ అయోడిన్ మందుని నీళ్లలో పలచటి టీ రంగు వచ్చేలా కలిపి వాడొచ్చు. ఈగలు వాలితే పురుగులు పడతాయి కాబట్టి రోజూ చూడాలి. లోతు గాయమైతే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేసి సలహా అడగొచ్చు. యాంటీబయాటిక్ ఇస్తే ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో డాక్టర్‌నే అడగండి. భయపడిన పెట్టలు కొన్నాళ్లు గుడ్లు పెట్టడం మానేస్తాయి, అది మామూలే.

విడిపించేటప్పుడు కుక్క మిమ్మల్ని కరిచినా, పన్ను గీరుకున్నా సబ్బు పెట్టి 15 నిమిషాలు పారే నీళ్ల కింద కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. తెలిసిన కుక్కే కదా అని రేబిస్ టీకా వాయిదా వేయొద్దు.

కడుపు నిండా తిండి పెడుతున్నా కుక్క కోళ్లని వదలడం లేదు

ఇక్కడ ఆకలి లేదు. రెక్కలు కొట్టుకుంటూ కోడి పరిగెడితే కుక్కకి తరమాలనిపిస్తుంది. తరమడంలోనే దానికి ఆనందం. ఒకసారి దొరికిందంటే మర్నాడు మళ్లీ అక్కడికే వస్తుంది. చచ్చిన కోడిని దాని మెడకి కట్టడం, గంట తర్వాత కొట్టడం చాలాచోట్ల చేస్తారు, నాకు మాత్రం వాటి మీద నమ్మకం లేదు. ఎందుకు కొడుతున్నారో దానికి తెలియదు. తరిమే అవకాశం లేకుండా చేయడమే మందు. దాడి జరిగాక కొన్ని రోజులు కోళ్లని బయటికి వదలకండి.

మన వైపు నుంచి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. కోడిని కోసి పేగులు, తలలు పెంటకుప్ప మీద వేస్తే, జబ్బుతో చచ్చిన కోడిని కాలవ గట్టున పారేస్తే ఊళ్లో కుక్కలన్నిటికీ దారి మనమే చూపించినట్టు. లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి.

చుట్టూ వల ఉన్నా లోపలికి వస్తోంది

కోళ్ల షాపుల్లో అమ్మే ఆరుపలకల సన్న వల కోళ్లని లోపల ఆపడానికే. కుక్క పళ్లతో పట్టి లాగితే చిరుగుతుంది. కింది మూడు అడుగులైనా వెల్డెడ్ మెష్ (తీగలు ఒకదానికొకటి అతికించిన గట్టి ఇనుప వల) వేయించండి. డబ్బులు పెట్టాల్సింది అక్కడే. వెదురు తడిక అయితే కట్లు ఏటా చూసుకోవాలి.

రెండో దారి కింద నుంచి. కుక్క కంచె మొదట్లోనే తవ్వుతుంది. మెష్‌ని అడుగున బయటి వైపుకి అడుగున్నర, రెండు అడుగులు మడిచి నేల మీద పరిచి, మేకులు దిగ్గొట్టి, పైన రాళ్లు పేర్చండి. తవ్వబోతే ఇనుమే తగులుతుంది. ఎత్తు ఐదారు అడుగులు ఉండాలి. తలుపుకి తాడు కాదు, గడియ ఉండాలి. రాత్రి గంప కింద మూసే అలవాటుంటే గంపని వసారాలోకో గదిలోకో మార్చండి. పైన రాయి పెట్టినా పెద్ద కుక్క తోసేస్తుంది.

“మా కుక్క అలాంటిది కాదు” అంటున్నారు

అందరి ముందు అడిగితే ఎవరూ ఒప్పుకోరు. ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు ఇంటికే వెళ్లి ఫొటోలు చూపించి, “బాబాయ్, మీ కుక్క మంచిదే, కానీ కోళ్లు బయట తిరిగే వేళకి కట్టేయండి” అని వేళ చెప్పి అడగండి. ఊరికే “కట్టేసుకోండి” అంటే ఎవరికీ గుర్తుండదు. మీరు కోళ్లు వదిలే వేళ కూడా ఖాయం చేసుకుంటే ఆయనకి సులువు. పోయిన కోడికి ఊళ్లో నడిచే ధర అడగడం తప్పు కాదు. గుడ్లు పెట్టే పెట్ట అయితే ఆ మాటా చెప్పండి.

వినకపోతే తేదీలు రాసుకుని, ఫొటోలతో పంచాయతీకి కాగితం ఇవ్వండి. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్‌లో జంతువుని అదుపులో పెట్టని యజమానికి ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అయితే అది మనుషుల ప్రాణానికి ముప్పు, లేదా తీవ్ర గాయం అయ్యే ముప్పు ఉన్నప్పుడు వర్తించేది. కోళ్ల నష్టానికి పెద్దమనుషుల మాటో, సివిల్ దావానో దారి.

కోపం ఎంతున్నా కుక్కకి విషం పెట్టొద్దు. ఆ ముద్ద ఎవరి మేక తింటుందో, ఏ పసివాడు ముట్టుకుంటాడో తెలియదు. మూగజీవం గంటల తరబడి గిలగిలా కొట్టుకుని చస్తుంది. అదే సంహిత 325వ సెక్షన్ కింద జంతువుకి విషం పెట్టినా, చంపినా ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. అప్పటిదాకా న్యాయం మీ వైపు ఉన్నా, ఆ రోజు నుంచి ముద్దాయి మీరే.

ఆ కుక్కకి యజమానే లేడు

పంచాయతీకో మున్సిపాలిటీకో చెప్పండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా చేయించాల్సింది వాళ్లే. ఆ తర్వాత సాధారణంగా పట్టుకున్న చోటే వదిలేస్తారు, కాబట్టి వాళ్లు వచ్చేదాకా ఆగకుండా మెష్ పని ముందే పూర్తి చేసుకోండి.